ఏటి తలుపు తీసినవాడు

పడవ నడిపే మా నాన్న ఇపూయ్ నోరు తెరిచాడంటే నేను రేవు చివరికి పోయి పడవ తాడు సరిచేస్తున్నట్టు నటించేదాన్ని. ఆ తాడుకి ఏ రోగమూ ఉండేది కాదు. వరదకాలంలో మా ఊరు ఊరంతా దిబ్బ మీదికి చేరి ఖాళీగా కూర్చుంటుంది. పొలాలన్నీ నీళ్ళ కింద. దున్నడానికి లేదు, కోయడానికి లేదు. కోయడానికి మిగిలినవి కోతలే. అవి మా నాన్న కోసేవాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వి, ఆ నవ్వుతోనే నా వైపు చూసేవాళ్ళు. ఎక్కడికి పోను, చుట్టూ నీళ్ళే కదా!

ఆ మధ్యాహ్నం రెల్లుపందిరి కింద కుమ్మరి దేదు బార్లీకల్లు కుండ తెరిచాడు. ముసలి ఇనేని తాత ఎండుచేపలో ఉల్లిపాయ నంజుకుంటున్నాడు. ఇంకో నలుగురైదుగురు చాపల మీద ఒరిగి ఉన్నారు. మా నాన్నని ఎక్కించడమంటే దేదుకి మహా సరదా.

"ఏం బావా, ఏరు ఆలస్యం చేసిన ఆ ఏడు నువ్వు ఊళ్ళో లేవుగా. ఎక్కడికి పోయావేంటి?" అన్నాడు, వందసార్లు విన్నవాడు ఏమీ తెలియనట్టు.

ఇక చూడండి.

"ఎక్కడికేంట్రా, మా అక్క ఊరికి. వరద తెచ్చే చుక్క పొడిచింది, నీళ్ళు రాలేదు. ఏరు చూస్తే పథ్యం మీదున్న బాలింతలా బక్కచిక్కిపోయింది. ఇంట్లో గింజ లేదు, అక్కనడిగి ఓ గంపెడు బార్లీ తెద్దామని ఒక్కణ్ణే బయల్దేరా. తెరచాప ఎత్తితే గాలి లేదు. గెడ వేస్తే బురద. అయినా సరే, తెల్లారి బయల్దేరినవాణ్ణి పొద్దు నడినెత్తికి రాకముందే అక్క ఊరి ముందున్నా."

"అబ్బో, గాలి లేకుండానే?" అన్నాడు ఇనేని తాత.

"గాలెందుకు తాతా, మొసలి ఉండగా! ఇసుకతిప్ప మీద పడుకునుంది, మన దేదు కుండలు కాల్చే ఆవం అంత పొడుగు. మెల్లిగా వెనకనుంచి పోయి తోకకి తాడు బిగించా. లేచింది. చూసింది. నేనూ చూశా. ఎవరు ముందు రెప్ప వేస్తారా అని కాసేపు జరిగింది. అదే వేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎద్దు బండి లాగినట్టు పడవ లాగింది. అక్క ఊరు వచ్చినా ఆగదే! ఆగడం నేను దానికి నేర్పలేదు మరి."

దేదు కల్లు పీలుస్తున్నవాడల్లా పొలమారి దగ్గాడు. తాడు ముడి విప్పి మళ్ళీ వేశాను.

"అలా పోగా పోగా నీటిగుర్రాల మంద అడ్డొచ్చింది. ఏరంతా వీపులే. ఏం చెయ్యాలి? మా అమ్మ నన్ను నిద్రపుచ్చిన పాట ఎత్తుకున్నా. ఒకటి తర్వాత ఒకటి గుర్రు పెట్టాయి. పడవ భుజానేసుకుని వాటి వీపుల మీదుగా దాటేశా. ఒక పిల్ల గుర్రం లేచి 'ఇంకోసారి పాడవా' అన్నట్టు చూసింది. తీరిక లేదురా అబ్బీ అన్నా."

"మొసలేమైంది బావా?"

"ఇంటికి పంపేశా. దానికీ పెళ్ళాం బిడ్డలున్నారుగా."

అప్పుడే హెనుత్ వచ్చింది. చంకలో బాతు పట్టుకుని, అవతలి దిబ్బ మీదున్న కూతురింటికి దాటాలని. పడవవాడు మాటల్లో ఉన్నాడని చూసి, పందిరి బయటే నేల మీద కూర్చుంది. మా నాన్న వీపు ఆమె వైపు ఉంది.

ఆమె ముందు ఆ కథ చెప్పకూడదు. ఎందుకంటే, ఆలస్యం చేసి చేసి ఆ ఏడు కొత్త నీరు ఒక్కసారిగా వచ్చి పడ్డప్పుడు మా గట్టుకి గండి పడింది. మట్టి గంప ఎత్తుకుని ముందు గండిలోకి దిగినవాడు హెనుత్ మొగుడు కేము. గండి పూడింది, ఊరు మిగిలింది. కేము దొరకలేదు. మనిషి దొరకనప్పుడు పాతిపెట్టేముందు గుడ్డ చుట్టేదెవరికి, సమాధి లేనిదే పండగనాడు రొట్టె ఎక్కడ పెట్టాలి? మూడేళ్ళుగా ఆమె రొట్టె తెచ్చి ఏట్లో వదులుతోంది.

నేను వెళ్ళి నాన్న భుజం తట్టి ఉండొచ్చు. నాలుగడుగులే. కానీ అప్పుడందరూ నన్ను చూస్తారు, ఇతని కూతుర్నని మళ్ళీ ఒకసారి గుర్తు చేసుకుంటారు. తాడు పట్టుకుని అక్కడే ఉండిపోయాను.

"ఇక ఏనుగు లంక!" అన్నాడు నాన్న, గొంతు పెంచి. "ఏరు పుట్టే చోటు. పెద్ద పెద్ద బండలు. ఆ బండల కింద గుహలో, ఏటిని పంపే హాపి దేవుడు పడుకుని ఉన్నాడు. పచ్చటి ఒళ్ళు, ఇంత బొజ్జ. గుర్రు పెడితే అవతల ఖర్జూరపు చెట్లు వంగుతున్నాయి. దేశమంతా ఎండి చస్తుంటే ఈయన నిద్ర! నాకు మండింది. గడ్డం పట్టి లాగా."

ఎవరూ నవ్వలేదు. హెనుత్‌ని అందరూ చూశారు. దేదు కుండ పక్కకి జరిపాడు.

"బావా, చాల్లే. దాటాల్సినవాళ్ళున్నారు," అన్నాడు.

"ఉండరా, అసలు రుచి ఇప్పుడే!" వాళ్ళు నోళ్ళు మూసింది తన మాటల గొప్పకే అనుకున్నాడు మా నాన్న. పాపం, ఇంకా పైకెక్కాడు. "లేచి 'ఎవడ్రా' అన్నాడు. 'ఇపూయ్‌ని. మీరు పడుకుంటే ఎలా స్వామీ, మా ఊళ్ళో ఉల్లినారు కూడా మాడిపోయింది' అన్నా. సిగ్గుపడ్డాడు. అక్కడొక తలుపు. గడియ ఎంతుందనుకున్నారు, మన గుడి ముందు స్తంభమంత. 'నా నడుము పట్టేసింది, నువ్వే తియ్యి. ఎంత తియ్యాలో నీ ఇష్టం' అన్నాడు. భుజం ఆనించా, ఒక్క తోపు! 'కొంచెం చాలురా' అంటున్నాడు దేవుడు. 'ఊరుకోండి స్వామీ, బార్లా తెరవాల్సిందే. మా గట్టు సంగతి మేం చూసుకుంటాం' అన్నా! ఇక చూస్కోండి నీళ్ళు! నా పడవ ముందు, ఏరు వెనక, తాడు కట్టిన కుక్కలా! దారిలో రాజుగారి పడవ అడ్డొస్తే తప్పుకోమని కేకేశా. వరద ఎత్తు కొలిచే నీటిమెట్ల దగ్గర లెక్క చూసే రాతగాళ్ళకి మెట్లు చాలక, ఒకడి మీద ఒకడెక్కి ..."

"అన్నా."

నాన్న తిరిగి చూశాడు.

"ఆ తలుపు తీసింది నువ్వా?" అంది హెనుత్.

వెటకారం లేదు. కోపమూ లేదు. రొట్టె ఎందుకు పొంగలేదో పొరుగింటామెని అడిగినట్టు అడిగింది.

నాన్న నోరు తెరిచే ఉంది.

"దేవుడు కొంచెం చాలన్నాడంటున్నావుగా. సగం తీసుంటే సరిపోయేదేమో, అన్నా. గట్టు ఆగేది."

బాతు అరిచింది. ఆమె దాని ముక్కు చేత్తో మూసింది. దేదు నేల చూశాడు. ఇనేని తాత నములుతున్నది నమలడం ఆపాడు. మా నాన్న మొహం నేనెప్పుడూ చూడని రంగుకి తిరిగింది.

"లేదమ్మా," అన్నాడు. "నేను తియ్యలేదు. తలుపు లేదు. నేను చూళ్ళేదు."

"మరి దేవుడితో మాట్లాడానన్నావు?"

"లేదు హెనుత్. ఏనుగు లంకకి నేను పోలేదు. అది ఎటుందో కూడా నాకు సరిగ్గా తెలీదు."

"నీటిగుర్రాలు?"

"లేవు."

"మొసలి?"

"ఉంది. ఇసుకతిప్ప మీద. అవతలి ఒడ్డు పట్టుకుని పోయాను, భయమేసి. గాలి కూడా ఉంది. మామూలుగానే పోయాను. అక్క ఇంట్లో తిని పడుకున్నాను. నీళ్ళొచ్చాక తిరిగొచ్చాను. అంతే. ఆ గట్టు దగ్గర నేను లేనమ్మా."

అంతమంది ముందు కోతలు కోసినప్పుడు ఎప్పుడూ వణకని గొంతు, నిజం చెప్పడానికి వణికింది. ఇన్నేళ్ళూ ఆయన అబద్ధాలకి సిగ్గుపడ్డాను. ఆ రోజు ఆ నిజాన్ని వినలేకపోయాను. ఎవరైనా నవ్వితే బాగుండనిపించింది.

హెనుత్ అంతా విని తల ఊపింది. నిజంగానే ఆలోచిస్తోంది.

"మరి ఎవరు తీశారన్నా?" అంది.

నాన్న చేతులు చాచి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. చివరికి ఆమే లేచింది. "దాటించు. పొద్దు వాలుతోంది. పిల్ల ఎదురుచూస్తుంటుంది."

పడవలో ముందు నేను కూర్చున్నాను, మధ్యలో ఆమె. ఎక్కినవాళ్ళెవరైనా దిగేదాకా మా నాన్న వాగుతూనే ఉండేవాడు. ఆ రోజు గెడ నీళ్ళలోకి దిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పొలాల మీదుగా పోతున్నాం. కింద ఎవరి గట్టు ఎక్కడుందో పడవవాళ్ళకి తెలుస్తుంది.

కేము దిగిన ఆ గండి పూడ్చిన చోటు దగ్గరికొచ్చేసరికి నాన్న గెడ పైకి తీసేశాడు. అక్కడ నేలకి గెడ తగలనివ్వలేదు. నీళ్ళోడుతున్న గెడని రెండు చేతులా అడ్డంగా పట్టుకుని నిలబడి, ఏరు తీసుకుపోయినట్టే పడవని పోనిచ్చాడు.