మంచిగుంది బిడ్డా

రామన్నపేట బడిలో కంటి శిబిరం పెట్టారు. కంటిచూపు పరీక్షించే ఆప్టోమెట్రీ కోర్సు చదువుతున్న అమ్మాయి ఒక అవ్వకు పరీక్ష ఫ్రేము తొడిగి అద్దాలు మారుస్తోంది. వెనకాలే నిలబడి వాళ్ల కాలేజీ సారు ఆమె పనికి మార్కులు వేస్తున్నాడు.

"అవ్వా, గోడమీది గుర్తులు ఎట్ల కనపడ్తున్నయి?"

"మంచిగున్నయి బిడ్డా."

"గీ అద్దంతోని?"

"గిది సుత మంచిగుంది."

అమ్మాయికి అనుమానం వచ్చింది. అద్దం తీసేసి, ఖాళీ ఫ్రేమునే ఉంచింది.

"ఇప్పుడో?"

"మస్తు మంచిగుంది."

"అవ్వా, ఇప్పుడు అండ్ల అద్దమే లేదు!"

"కనపడ్తలేదంటే గా సారు నిన్ను తిడ్తడేమోనని..."

"తిట్టనియ్యి. నువ్వు నిజం చెప్తెనే నేను పని నేర్చుకుంట."

"గట్లనా? అయితే ఇప్పటిదాంక ఒక్కటి సుత మంచిగలేదు బిడ్డా."

అమ్మాయి స్టూలు దగ్గరికి జరుపుకుని, మొదటి అద్దం మళ్లీ చేతిలోకి తీసుకుంది.