మీటింగు గదిలో సాకెట్టు

ఎలక్ట్రీషియన్ వాళ్ళ అక్క మొగుడు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది చూడ్డానికి మామూలు ప్లగ్గు సాకెట్టే. ఎలక్ట్రీషియన్ దాన్ని విప్పాడు. లోపల బియ్యపు గింజంత మైకు కనబడింది. మళ్ళీ బిగించాడు.

“దీన్ని ఎక్కడ పెట్టమంటావు బావా?”

“నువ్వు రిపేర్లు చూసే కంపెనీ ఉంది కదా, వాళ్ళ మీటింగు గదిలో. కొత్త పంపు డిజైను గురించి వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో మా ఆఫీసుకి తెలిస్తే చాలు.”

“చాటుగా వినడం నేరం. తెచ్చినవాడికీ జైలే, బిగించినవాడికీ జైలే.”

“అయిదు నిమిషాల పనిరా. ఎవరు చూడొచ్చారు?”

“సరే, అయితే. నేను ఏ పని చేసినా జాబ్ కార్డు రాస్తాను. ఏం బిగించానో, ఎవరు చెప్పారో అన్నీ ఉంటాయి. ఇదిగో, కింద సంతకం పెట్టు.”

“మతి పోయిందా నీకు? ఇలాంటివి ఎవడన్నా కాగితం మీద పెడతాడా?”

“కాగితం మీద పెట్టలేని పని నేను చెయ్యను.”

“మీ అక్క మొహం చూసైనా చెయ్యరా.”

“అక్క మొహం చూసే వద్దంటున్నాను. రేపు జైలు గేటు ముందు క్యారేజీ పట్టుకుని నిలబడాల్సింది తనే.”

“నువ్వు కాకపోతే ఇంకొకడు. ఊళ్ళో ఎలక్ట్రీషియన్లకి కరువొచ్చిందా?”

ఎలక్ట్రీషియన్ ఆ సాకెట్టును తీసి బావ అరచేతిలో పెట్టాడు.

“పెట్టించుకో. ప్రతి నెలా ఒకటో తారీఖున ఆ గదిలో బోర్డులన్నీ విప్పి చూసేది నేనే. ఇది కనబడిందంటే కార్డులో నీ పేరు రాస్తాను బావా. అప్పుడు నీ సంతకం కూడా అక్కర్లేదు.”