అర్రకు అడ్డం మంచం

కాదు బిడ్డా, కాదు. ఎవలు జెప్పిన్రు నీకట్ల? మీ అత్తమ్మ పుస్తకం మీ తాత పోయినంక రాసింది గాదు. ముందే రాసింది. పుస్తకంల ముసలోడు ముందు పోయిండు, మీ తాత ఎన్క పోయిండు. గా ముచ్చట మనసుల వెట్టుకోనే గద, మీ అత్తమ్మ పెన్ను ముట్టుడు బంద్ జేసింది. పోయినేడు దసరాకు నీకు పరీచ్చలుండె, రాకపోతివి, అందుకే నీకు ఎర్కలేదు. ఫోను దగ్గరికి పెట్టినవా? ఎర్రగ మెరుస్తుందేంది అది? మెరవాల్నా? సరే, మెరవనియ్యి. మొత్తం జెప్త. అయినంక గిది మీ అత్తమ్మకే పంపు. ఎదురుంగ జెప్తే ఆమె ఏడుస్తది, ఆమె ఏడిస్తే నాకు ఏడుపొస్తది, ఇద్దరం ఏడ్సుకుంట కూసుంటే పొయ్యి మీద పాలు పొంగిపోతయి. అయింది గట్ల ఒకసారి.

మీ శీను మామ స్వరూపను చేసుకున్నప్పుడు, పిల్ల కామారెడ్డిల పంతులమ్మ అన్నరు, మంచిదే అనుకున్న. నవలలు రాస్తదని ఎన్కశీరి తెలిసింది. నవలంటే ఏందయ్యా అని మీ తాతనడిగిన. ఆయనకేం తెలుసు, ఆయన గూడ నా లెక్కనే, ఏలిముద్ర. అయినా తెల్వదనడు గద. 'కథనే, కాకపోతే తొందరగ ఒడ్వది, సాగుతనే ఉంటది' అన్నడు. సూస్తే నిజమే అయింది.

నా కంటి ఆపరేషన్ అప్పుడు కామారెడ్డిల వాళ్లింట్ల ఉన్న గద, గప్పుడు కండ్లార జూసిన. కండ్లారంటే ఒక కంటితోటే, ఇంకో కంటికి కట్టుండె. పొద్దుగాల లేస్తది, పోరగాండ్లకు డబ్బలు గడ్తది, బడికి పోతది, ఒచ్చి బట్టలు పిండుతది, గప్పుడు పొయ్యి కాడ నిలవడి రాస్తది. ఒక చేతిల గంటె, ఒక చేతిల పెన్ను. కుక్కర్ కూతలు నన్ను లెక్కవెట్టుమంటది. నాకేమో టీవీల సీరియల్ ఒస్తుండె, అండ్ల అత్త కోడలికి ఏదో కలిపిస్తుంది, నేనేం లెక్కవెడ్త? పప్పు మాడింది. శీను కిక్కురుమనకుండ తిన్నడు. తిని, 'ఇయ్యాల ఎన్ని పేజీలైనయి' అన్నడు. 'రెండు' అన్నది. 'రెండు పేజీలకు గింత మాడితే, పుస్తకం అయ్యేసరికి ఇల్లుంటదా' అన్నడు. ఆమె నవ్వింది. కోపం రాదు ఆమెకు. కథల ఒక ముసలోడు, ముసలామె ఉన్నరు, ఆళ్లకు కోపం గావాల్నంటే నా దగ్గరికే ఒచ్చేది. 'అత్తమ్మా, ముసలామెకు కోపమొస్తే ముసలోన్ని ఏమని తిడ్తది?' 'నీ కాళ్లిరుగ, బురద కాళ్లతోటి ఇంట్లకొస్తివా అంటది' అని నేను జెప్పిన. రాసుకున్నది. ఇంకోటి జెప్పు అన్నది. మీ తాతను తల్సుకుంటే నాకు తిట్లు కరువా బిడ్డా.

ఏడున్న? ఆ, సెలవులు. దసరా సెలవులే ఆమెకు అదును, మనకు నాట్ల అదునున్నట్టు. 'ఈ సెలవుల్ల ఒడగొట్టాలె అత్తమ్మా. లేకుంటే మల్ల బడి, మల్ల పేపర్లు దిద్దుడు, కథ పులిసిపోతది' అన్నది. పుస్తకం అచ్చేసెటోళ్లు గూడ పండుగెల్లినంక ఇయ్యాలె అన్నరట. ఇగ పోరగాండ్లను దీస్కొని మన ఊరు ఎల్లారెడ్డికి ఒచ్చింది.

మా ఇంట్ల పండుగంటే నీకెర్కే గద. తంగేడు పువ్వు, గునుగు పువ్వు ఇంటి నిండ. వాకిట్ల ఆడోళ్లు. పోయ్యేటోళ్లు ఒచ్చేటోళ్లు, ఒచ్చినోళ్లందరికి చాయ్. రాసుకునే జాగ ఏడున్నది? వడ్ల బస్తాలేసే అర్ర ఒక్కటే ఉన్నది. బస్తా మీద కూసోని, ఇంకో బస్తా మీద కాయిదాలు వెట్టుకున్నది. మీ తాత ఏం జేసిండు, నులకమంచం దెచ్చి అర్ర తలుపుకు అడ్డమేసిండు. దాని మీద పండిండు. 'ఎవలొచ్చినా ముందుగాల నన్ను దాటాలె' అన్నడు. బియ్యం గూడ అండ్లనే ఉండె, తెచ్చుకుందామంటే నన్ను గూడ పోనియ్యలే. ఆ పూట పక్కింటి లచ్చవ్వ కాడ చేబదులు తెచ్చి వండిన. అర్ర నిండ వడ్లు వెట్టుకోని.

ఉత్తగ కాసిండా అంటే, కాదు. పొద్దుమూకినంక ఆ రోజు రాసింది సదివి వినిపియ్యాలె, అదీ ఆయన కూలి. ఆమె సదువుతుంటే మధ్య మధ్యల అడ్డం దగుల్తడు. 'ఆ బర్రె ఈనిందా? మొన్న సూడిదంటివి.' 'మామా, కథ బర్రెది గాదు.' 'కాకుంటే కాకపాయె. సూడిదన్నంక ఈనాలె గద బిడ్డా.' అడిగి అడిగి పానం దీసిండు, తెల్లారి బర్రెను ఈనిపిచ్చింది. దూడ ఆడిదా మొగదా అని మల్ల మొదలువెట్టిండు.

గట్ల నడుస్తుంటే ఒకనాడు 'చివరికేమైతది' అన్నడు. 'ముసలామె పోతది మామా' అన్నది. మీ తాత నోట్ల ముద్ద ఆగింది. ఎందుకంటే, ఆ ముసలామె నేనే గద బిడ్డా. పేరు మార్సింది గని తిట్లన్ని నాయే. అందరికి ఎర్కనే.

తెల్లారి అలిగిన బతుకమ్మ. ఆ ఒక్కనాడు బతుకమ్మ అలుగుతది గద, పేర్చం, ఆడం. వాడకట్టు ఆడోళ్లకు పనుండది. లచ్చవ్వ ఒచ్చి, 'స్వరూప ఏది, కండ్లవడ్తలేదు' అన్నది. మీ తాత మంచం మీదికెల్లి లేవకుండనే, 'మా కోడలు అలిగింది, ఎవలతోని మాట్లాడదు' అన్నడు. బతుకమ్మ అలిగింది గద, ఆ ఊపుల అన్నడు. పెద్ద తెలివైన మాటన్న అనుకున్నడు. లచ్చవ్వ పోయింది. పోయి ఊకుంటదా? పండుగ పూట కోడలు అర్రల తలుపేసుకున్నదంటే చిన్న ముచ్చటనా. పగటీలికి వాడకట్టంత మా వాకిట్ల. ఒగలు అత్తకు బుద్ధి జెప్తున్నరు, ఇంకొగలు కోడలికి తలుపులకెల్లి బుద్ధి జెప్తున్నరు. లోపట్నుంచి ఉలుకు లేదు పలుకు లేదు. రాసేటప్పుడు ఆమెకు పిడుగు వడ్డా ఇనరాదు.

పొద్దుమూకే యాళ్లకు బీబీపేట నుంచి ఆటో దిగింది. మా వియ్యంకుడు, వియ్యంకురాలు. ఎవలు ఫోన్ జేసిన్రో తెల్వది, నాకు తెల్సు గని జెప్ప. చీర వట్టుకోని ఒచ్చిన్రు, బిడ్డ అలక దీర్సతందుకు. వియ్యంకుడు కండువ దులుపుకోని కూసున్నడు. 'బావా, మా పిల్ల ఏమన్న మాట జారిందా?' 'లేదు బావా, పిల్ల బంగారం' అన్నడు మీ తాత. 'మరి ఎందుకలిగింది?' గప్పుడన్న జెప్పచ్చు గద, అలగలేదు, రాసుకుంటుందని. జెప్పడు. పొద్దుగాల అలిగిందని జెప్పి ఇప్పుడు లేదంటే మాట పోతదని, 'అడుగుదాం తియ్యి బావా' అన్నడు. వియ్యంకురాలు నా మొకమే జూస్తుంది. నేనేమన్ననో అని. నాకు ఆయన్ను తిట్టాల్ననే ఉన్నది, అందరి ముంగట ఏమంటం.

గప్పుడు అర్ర తలుపు తెర్సుకున్నది. కొప్పుల పెన్ను, మీద వడ్ల దుమ్ము. ఎవలున్నరో సూడనే లేదు. నా దిక్కు మర్రి, 'అత్తమ్మా, ముసలామెను ఎట్ల సంపాల్నో సమజైతలేదు. జరం వెట్టి సంపుదునా, నిద్రల సంపుదునా' అన్నది.

వియ్యంకురాలి ఒళ్లెకెల్లి చీర జారి కిందవడ్డది. లచ్చవ్వ లేసి ఒచ్చి నాకూ ఆమెకూ నడుమ నిలవడ్డది. పాపం, నన్ను కాపాడుదామని.

పుస్తకం ముచ్చట అని అందరికి సమజయ్యేసరికి చాయ్‌లు రెండు మాట్ల అయినయి. అయితే మా వియ్యంకుడు గంత దూరమొచ్చి పంచాతి జెయ్యకుండ పోతడా? 'ఒచ్చినం గద, ఎవలు పోవాల్నో తెంపే లేద్దాం' అన్నడు. లచ్చవ్వ 'ఇద్దర్ని బతకనియ్యరాదు' అన్నది. 'అందరు బతికుంటే నవల ఒడ్వది పెద్దమ్మా' అన్నది స్వరూప. నేనన్న, 'ముసలామెనే పోనియ్యి. పసుపు కుంకుమతోని, తల నిండ పూలతోని, మొగని చేతుల మీద పోతది. ఆడిదానికి గంతకన్న ఏం గావాలె.' మనసుల మాటనే అన్న బిడ్డా. కథకని అనలే.

మీ తాతకు అర్థమైంది. మంచం మీద లేసి కూసున్నడు. 'ముసలామె పోతే ముసలోనికి ఉప్పు డబ్బ ఏడుంటదో గూడ తెల్వది. నాలుగొద్దులు గూడ బతకడు. అంటే ఇద్దర్ని సంపినట్టయితది. ముసలోన్నే పంపు బిడ్డా. ముసలామె గట్టిది. నలుగురిని తిట్టుకుంటనన్న బతుకుతది.' అందరు నవ్విన్రు. నాకు నవ్వు రాలే. పంచాతి తెగలే. తిని పోయిన్రు. పొయ్యేటప్పుడు చీర ఎవలకు పెట్టాలె? కోడలు అలగలేదాయె. ఎందుకన్నా మంచిదని వియ్యంకురాలు నాకు పెట్టింది. గిదే, ఇయ్యాల కట్టుకున్నది.

దసరా నాడు జమ్మి ఆకు, అదే మన బంగారం, వట్టుకొచ్చిండు మీ తాత. చిన్నోళ్లు పెద్దల చేతుల పెట్టి కాళ్లు మొక్కుతరు గద. స్వరూప వంగకముందే ఈయనే ఆమె చేతుల పెట్టిండు. పెద్దోడు ముందుగాల ఇచ్చుడు ఏడ సూడలే నేను. 'బంగారం ఇచ్చిన బిడ్డా. ఇగ ముసల్దాన్ని ఇడ్సిపెట్టు' అన్నడు. ఆమె అర్రలకు పోయింది. కూర ఉడికేలోపట ఒడగొట్టుకోని ఒచ్చింది.

మాట మర్సిన. మీ తాత దినాలైనంక ఆ కాయిదాలు నా ముంగట వెట్టి, 'చింపేస్త అత్తమ్మా, నేను రాసినందుకే అయింది' అన్నది. 'చింపితే మీ మామొస్తడా? రాడు. గంత మాడిన పప్పు దండుగైతది' అన్న. పుస్తకం అచ్చయింది గని, మనిషి మల్ల రాయలే. ఈ సెలవులకు రానంటుందట, కామారెడ్డిలనే ఉంటదట. ఇను స్వరూపా. అర్రకు సున్నమేసిన. బస్తాలు ఒక దిక్కు జరిపిచ్చిన. మంచం తలుపుకాడనే ఉన్నది, ఈ మాటు దాని మీద నేను పంట. లచ్చవ్వకు ముందే జెప్పిన, నువ్వు అలగలేదని. రా బిడ్డా. చల్లగుండు, రాసుకో. రాసినందుకు ఎవలు పోరు. గట్ల పోయేటట్టయితే, పుస్తకంల బర్రె ఈనిన తీరు జూసి మన కొట్టంల బర్రె గూడ ఈనాలె గద. ఇంక ఈననే లేదు.

ఆ దసరా నాడు మాపటికి అందరం తిందామని కూసున్నం. ముందు సదువు అన్నడు మీ తాత. సదివింది. పుస్తకంల ముసలోడు తిన్నడు, బర్రె ముచ్చట జెప్పిండు, పండిండు, లేవలే. మీ తాత తలూపిండు. 'సల్లగ పోయిండు. ఎవలకు కష్టం వెట్టలే. మంచిగ రాసినవ్' అన్నడు. మటన్ రెండుమాట్ల ఏసుకున్నడు. ఉప్పు తక్కువైందన్నడు, అయింది గూడ. 'పండుగ పూట గవేం ముచ్చట్లయ్యా' అన్న నేను. 'పుస్తకంలోడు పోయిండు గని, నేనేడికి పోత? రేపు మక్కలు ఎండవొయ్యాలె, జల్ది లేపు' అన్నడు. 'లేపుత. లేపి, ఉప్పు డబ్బ ఏడుంటదో జూపిస్త, నేర్సుకో' అన్న. 'ఆ, రేపు' అన్నడు.

తెల్లారేసరికి మీ తాత లేడు.