బటన్ కింద రబ్బరు ముక్క

నాంపల్లిలో ఒక ఇల్లు. విద్యావతి వంట చేస్తోంది. ఆబిడ్స్‌లో వీడియో గేమ్ మెషీన్లు బాగుచేసే భర్త రామచందర్ అప్పుడే దుకాణం మూసి వచ్చాడు. కూతురు హాసిని ముందు గదిలో ఉంది.

“కుక్కర్ రబ్బరు ఏదండీ?”

“ఏ రబ్బరు?”

“ఇంట్ల ఎన్ని కుక్కర్లున్నయి? పొద్దున మూతకే ఉండె.”

“జర ముక్క కోసిన, విద్యా. హాసిని ఆడుకునే రిమోట్ బటన్ కింద పెట్టనీకి. స్ప్రింగ్ బిర్రుగుంది, పిల్లకు నొక్కొస్తలేదు, దాని జాగల ఇది పెడుతున్న.”

“ముక్క కోస్తే ఇగ అది రబ్బరేనా? పప్పెట్ల ఉడకాలె?”

“రేపు ఉస్మాన్‌గంజ్‌ల కొత్తది తెస్త.”

“మొన్న నా కుట్టుమిషన్ పెడల్ పీకిన్రు. అదీ పోయె.”

“పిల్ల కాలుతోని ఆడనీకి పెట్టిన పెడల్ పనిచెయ్యలే, నిజమే. గాని దాంట్లకెళ్లే ఇది తట్టింది. వెనకట గేమ్ కంపెనీలోళ్లు కండ్లకు పెట్టుకునే ఎర్ర బొమ్మల డబ్బా తెచ్చిన్రు. ఆడినోళ్లకు తలనొచ్చింది, ఎవ్వరు కొనలే. చేతికి తొడిగే గ్లౌజు తెచ్చిన్రు, అదీ నడవలే. గిప్పుడు చూడు! కండ్లకు కట్టుకొని ఆడుతున్నరు, చెయ్యి ఊపి ఆడుతున్నరు. గా పనికిరానియే వీటికి దారి చూపెట్టినయి.”

“వాళ్లకు టైముండె.”

“అంటే?”

“డాక్టర్ అన్నది మీరూ విన్నరు గదా. కండరాల జబ్బు, ఇగ బలం తగ్గుడే గాని...”

“మెల్లగ! పిల్ల ఇంటది.”

“ఎంత మెత్తగ చేసినా మళ్ల బిర్రుగుంది అంటరు. బిర్రుగున్నది బటనేనా?”

“బటనే.”

“నా దిక్కు చూసి చెప్పుండ్రి.”

“బటనే అంటున్న గదా! హాసినీ, రా బిడ్డా, తిందాం.”

“పప్పు పలుకు పలుకుగుంది, చారుతోని తినుండ్రి. ఏందే హాసినీ, కంచం ముందట పెట్టుకొని గట్ల కూసున్నవ్? అలిగినవా?”

“లేదమ్మా.”

“నీ రిమోట్ రేపటికి అయిపోతది బిడ్డా. ఈసారి దూది లెక్క చేస్త.”

“వద్దు డాడీ. నిన్నటిదే దూది లెక్కుండె. బటన్ తప్పేం లేదు. ఇగ వేళ్లకు చెయ్యకు. గొట్టం పెట్టి నోటితోని ఊదేది చెయ్యి.”

“నోటితోనా? అప్పుడే ఎందుకు బిడ్డా, జర రబ్బరు పెడితే...”

“నేను ఆలోచించుకునే అంటున్న డాడీ.”

“ఆ ముచ్చట తర్వాత. ముందు తినవే తల్లీ. చెంచా ఇయ్యాల్నా?”

“చెంచా పొద్దుననే జారిపోయిందమ్మా. నువ్వే కలిపి తినిపియ్యి. ఇయ్యాల్టి సంది రోజూ.”