స్టార్టరు పెట్టె తెరిచే ముందు

మంగళవారం ఉదయం 6.40కి ఉదయగిరి మండలంలో బోరు మోటారు స్టార్టరు బాగుచేస్తూ మల్లికార్జున అనే రైతు కరెంటు తగిలి చనిపోయాడు. ఆత్మకూరులో డిప్లొమా చదివే చైత్ర, మోటార్లు సొంతంగా బాగుచేసుకునే రైతుల కోసం రాసిన పుస్తకం ఆయన పక్కనే దొరికింది. గురువారం చైత్ర ఆయన భార్య దేవకమ్మ ఇంటికి వచ్చింది.

“అది కాదక్కా, ఆ పుస్తకం నాకిచ్చెయ్. కొత్తది పంపిస్తా.”

“కొత్తది ఏం చేసుకునేదానికి? మోటారు బాగుచేసేవాడే పోయినాడు.”

“అది కాదు...”

“ఇంత పిల్లవి. కాలేజీకి పోతా ఇంత పుస్తకం ఎట్ట రాసినావు?”

“తెల్లారి నాలుక్కి లేచి రాసేదాన్ని. ఎనిమిదికి కాలేజీ.”

“నీ పుస్తకమంటే ఆయనకి భలే గురి. వింజమూరు మెకానిక్కు నాలుగు రోజులు తిప్పినాడు. గొర్రెలకి నీళ్ళు లేవు. ‘వాడి బైకు వచ్చేలోపల నేనే మెకానిక్కయిపోతా’ అన్నాడు.”

“అక్కా, పుస్తకం...”

“పరీక్షలప్పుడు గూడా రాసినావా?”

“పరీక్షలప్పుడే ప్రెస్సు వాళ్ళు ప్రూఫు పంపినారు. అచ్చుకి ముందు తప్పులు చూసుకోమని.”

“చూసుకున్నావు.”

“...పుస్తకం యాడుండాది?”

“అదో, గూట్లో. ఈ రెండు రోజులు ముట్టుకోలా. నువ్వే తియ్యి. తీసి, స్టార్టరు పెట్టె తెరిచే ముందు అని ఉంటాదే, అది చదువు.”

“ఇప్పుడెందుకక్కా?”

“ఊరంతా ఒకటే మాట. పుస్తకంలో ఉన్నట్టు చేసుంటే బతికేవాడంట. ఫ్యూజులు పీకలేదని లైన్‌మన్ చెప్పినాడు. చదువు.”

“‘స్టార్టరు ఆఫ్ చెయ్యాలి. కాళ్ళకు రబ్బరు చెప్పులు ఉండాలి.’”

“ఆఁ. తర్వాత?”

“‘ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మూడు ఫ్యూజులూ పీకాలి. ఆ తర్వాతే పెట్టె మూత తియ్యాలి.’”

“మళ్ళీ చదువు.”

“‘మూడు ఫ్యూజులూ పీకాలి.’”

“ఉండాదా ఆ ముక్క?”

“...ఉండాది.”

“అయితే నేనే.”

“నువ్వేంది?”

“ఆయన చేతులు పనిలో ఉండె. పక్కన కూచోని చదివింది నేను. ఏడో తరగతి దాకా పోయినాలే, కూడబలుక్కోని చదవతా. నేను చెప్పింది చెప్పినట్టు చేసినాడు. చెప్పులన్నా, తొడుక్కున్నాడు. మూత అన్నా, తీసినాడు. ఫ్యూజులన్న వరస దాటేసినట్టుండాను.”

“అక్కా...”

“రెండు రోజులుగా అదే అనుకుంటుండా. నేనే చంపినా ఆయన్ని.”

“కాదు. కాదక్కా.”

“ఇప్పుడే గదా చదివినావు!”

“చదవలా. నోటికి చెప్పినా. ఈ పేజీలో ఆ ముక్క లేదు. నేను రాసిన కాగితాల్లో ఉండాది, అచ్చులో పోయింది. ప్రూఫు వచ్చిన రోజు నాకు పరీక్ష. చూడకుండానే ఓకే అని పెట్టినా.”