పదహారు డిగ్రీల పరీక్ష

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. పత్తికొండ బస్టాండు పక్క ఏటీఎం గదిలో, పరుపులు కుట్టే మాబు సాహెబ్ స్వెటరు వేసుకుని, కోతి టోపీ పెట్టుకుని, తను కుట్టిన రజాయినే మెడదాకా చుట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా భార్య ఫాతిమా బీ సెల్‌ఫోనులో టైము చూస్తోంది.

“ఎన్ని నిమిషాలాయ?”

“మూడు. ఇంకా ఏడుండాయి. కదలొద్దు.”

“సలి మే ఫాతిమా! హూ... హూ... పండ్లు కొట్టుకుంటాండాయి చూడు.”

“చూస్తాండా. నువ్వే కొడతాండావు.”

“ఆ ఏసీ మీద ఎంత ఉండాది?”

“పదహారు. ఇప్పుడు ఊటీలో పొద్దునపూట గూడ అంతేనంట, మా చెల్లెలు శిరీన్ ఫోన్లో చూసి చెప్పింది. పది నిమిషాలు తట్టుకుంటే రేపు చెల్లెలోళ్ల బస్సులో మనం గూడ పోతాం. అదే కదా నువ్విచ్చిన మాట?”

“మాటే లే. మనిషి బతకాల కదా ముందు.”

“ఇరవై ఏండ్లుగా ఇదే పాట. డిసెంబర్లో అడిగితే సున్నా డిగ్రీలు, నెత్తురు గడ్డ కడతాది అంటివి. జూలైలో అడిగితే వాన అంటివి. మార్చిలో అడిగితే...”

“మార్చిలో ఏమంటి?”

“మార్చిలో ఊటీ మూసేస్తారంటివి.”

“మూస్తారు మే. సున్నం కొడతారు.”

“ఊరికంతానా?”

“చిన్న ఊరే కదా.”

“నాలుగు నిమిషాలాయ.”

“నా కాళ్లు ఉండాయా చూడు. నాకు తెలుస్తా లేదు.”

“ఉండాయి. నుదుటి మీద ఆ నీళ్లేంటివి?”

“మంచు. కరుగుతాండాది.”

“ఏమప్పా మాబన్నా! దుడ్లు తీసుకునేకి రజాయి ఏంటికి?”

“నువ్వా యేసుప్రసాదూ! వాచ్‌మన్‌వై ఉండి గది వదిలిపెట్టి యాడికి పోయినావప్పా? ఈడ నేను సలికి సచ్చిపోతాండా!”

“ఆ రజాయి నువ్వు కుట్టిందే కదన్నా? మా కూతురు లక్ష్మీప్రియ పెండ్లికని అట్లాంటివే రెండు చెప్పింటి. కప్పుకుంటే మంచుకొండ మీద గూడ సలి తగలదంటివి?”

“తగలదు! ఎట్ల తగులుతాది? రెండుసార్లు ఏకిన దూదప్పా అది!”

“మల్ల నీకు సలి యాడనుంచి వస్తాండాది?”

“నువ్వుండు ఫాతిమా. సలి రజాయిది కాదు. నాది. లోపలిది.”

“రజాయి మంచిదా, కాదా?”

“మంచిదే.”

“అయితే ఊటీకి పోదాం.”

“మంచిదే గానీ... అంత మంచిది కాదు.”

“అయితే నాకు వద్దులే అన్నా. నందికొట్కూరులో చెప్పుకుంటా.”

“ఉండప్పా ప్రసాదూ! పోవద్దు! రజాయి బంగారం. సలీ లేదు, గిలీ లేదు. చాలునా?”

“మల్ల ఇరవై ఏండ్లు ఏంటికి ఆడిస్తివయ్యా నన్ను?”

“ఘాటు రోడ్డు మే. ముప్పై ఆరు మలుపులంట. శ్రీశైలం డ్యాము చూసేకి పోయినప్పుడు మూడో మలుపుకే మీ నాయన ఒళ్లో కక్కుకుంటిని. కొత్తల్లుణ్ని. బస్సులో అందరూ నవ్విరి. ఇప్పుడు నీ అక్కచెల్లెండ్ల ముందర మల్లానా? సిగ్గయితాది ఫాతిమా. నా వల్ల కాదు.”

“అంతేనా?”

“అంతే. అయినా ఈ పందెం ఓడిపోయినా కదా. ఆరు నిమిషాలకే సలికి తట్టుకోలేకపోతి. ఇదో, ఇంకా వణుకుతాండా. హూ... హూ... పద, ఇంటికి పోదాం.”

“ఏం సలి అన్నా? ఈ ఏసీ చెడిపోయి నాలుగు దినాలాయ. నంబరు మాత్రం ఎలుగుతాది, వచ్చేదంతా ఉడుకు గాలే. ఉక్క తట్టుకోలేకనే నేను పోయి టీ అంగట్లో కూసుంటాండా.”

“ఏసీ... చెడిపోయిందా? ఫాతిమా, విన్నావా?”

“వినేదేముంది? నిన్న దుడ్లకొచ్చినప్పుడే చూసిపోయినా. ఇంటికి పోతా పోతా, ఘాటులో వాసన చూసుకునేకి నీకు డజను నిమ్మకాయలు గూడ కొనింటి. కిటికీ పక్క సీటు చెప్పి వారమాయ.”