నువ్వు మాఫ్ జేసిన మాట

మళ్ల పాట పెడ్తున్నవా! బంద్ జెయ్ షారోనూ, నీకు దండం పెడ్త. కోర్టు గేటు దాటి నాలుగడుగులు ఎయ్యలే, అప్పుడే మరిచిపోయినవా? వకీలు సారు అంతగనం మొత్తుకున్నడు గదా, గా ఫోను ముట్టకు, కొత్తయి ఎక్కినకొద్దీ డిలీట్ జేసిన పాతయి మొత్తానికే చెరిగిపోతయని!

కూసో. బోథ్ బస్సు ఇంక రాలే. చాయ్ తాగుతవా? వద్దా? నాకూ వద్దు తియ్.

నీ తమ్ముడు వెస్లీ తాగి వాయిస్ మెసేజ్ పెట్టిండు. నిన్ను తిట్టిండు, నీ పెండ్లాన్నని నన్ను తిట్టిండు, సచ్చిపోయిన మీ అవ్వను గూడ ఇడిసిపెట్టలే. కానీ గా తిట్ల నడుమ ఏమన్నడు? "నీ రెండెకరాలు నీయే, నాకెందుకు, పత్తి ఎత్తంగనే రాసిచ్చి నీ మొఖాన గొడ్త" అన్నడా లేదా? మామ పట్టా మొత్తం వాని పేరు మీద జేయించి పోయిండు. మనకు కాయితం లేదు, సాక్షి లేడు. ఉన్నది గా మాటొక్కటే!

నువ్వేం జేసినవ్? మనసుల ఏం పెట్టుకోకుంట ప్రభువు బల్లకాడికి రండ్రి అని చర్చిల అయ్యగారు అన్నడని, రొట్టె ఇచ్చే సంస్కారం ఆదివారానికి ముంగట గా మెసేజ్ డిలీట్ కొడ్తివి. అన్నదమ్ములిద్దరు పక్కపక్కన మోకాళ్లేసి రొట్టె తీసుకుంటిరి. సూసి నేను సంతోషంతోని ఏడ్చిన. గదే వారం వాడు మన చేన్ల హద్దురాళ్లు పాతించిండు.

ఇయ్యాల జడ్జి సారు వాని ఫోను అడిగితే ఏమన్నడో ఇన్నవు గదా? "నేను గూడ డిలీట్ జేసిన సారూ, మా అన్న జేసినట్టే." ఎంత సాఫ్‌గ అన్నడు! వాని వకీలు ఇంకో ముచ్చట లేపిండు. భూమి వెస్లీదే అని అందుల ఉండెనట, అందుకే నువ్వు తుడిచినవట!

నువ్వు దేవుని కోసం తుడిస్తివి, వాడు భూమి కోసం తుడిచిండు. కోర్టుకు గా తేడా ఎట్ల దెలుస్తది? నువ్వన్న చెప్తివా?

ఫోను ల్యాబుకు పంపితే తుడిచిన మెసేజ్ మళ్ల బయటికి రావచ్చునట. ఫోను సీలేసి ఇచ్చి, మెసేజ్ ఇందులకే వచ్చిందని సర్టిఫికెట్ మీద ఒక్క సంతకం పెట్టాలె. గంతే! "మాఫ్ జేసినదాన్ని మళ్ల తవ్వుడేంది సారూ" అంటివి. వకీలు సారు తల పట్టుకున్నడు. "ఎలీసబెతమ్మా, గీయనకు జర నువ్వన్న చెప్పు" అన్నడు. నేనేం చెప్పాలె?

మాఫ్ జేసినవు, మంచిగనే ఉంది. నన్నడిగినవా? గా చేన్ల కలుపు తీసింది నేను. పత్తి ఏరి ఏరి చీరుకపోయినయి నా వేళ్లు. నిన్ను తిట్టిన తిట్లు నువ్వు మాఫ్ జేస్కో. నా కష్టాన్ని మాఫ్ జేయనీకి నువ్వెవనివి?

అట్ల సూడకు. అవును, కోపమే. వాని మోసం మీద కన్న నీ మంచితనం మీదనే ఎక్కువుంది.

ఇటియ్యి ఫోను. ఇయ్యిమంటున్న గదా! కొన్నది నా కూలి పైసలతోని, సిమ్ము నా పేరు మీద. నేను సంతకం పెట్టినా నడుస్తదని సారు అన్నడు.

నేనైతే వెస్లీని మాఫ్ జేయలే. వచ్చే సంస్కారానికి నువ్వొక్కనివే పో. అయ్యగారు అడిగితే, ఎలీసబెతు ఇంక కోర్టుల్నే ఉందని చెప్పు.